ఫిలిబెర్టో వెనక సీటు

పెళ్లయిన నాటి నుంచి ఎర్నెస్టీన్ గాయెగోస్ కొండల్నీ ఎడారినీ భర్త భుజం మీదుగానే చూసింది. వారమంతా మా సొకోరో ఊళ్లో స్కూలు బస్సు నడిపేది. శనివారం రాగానే ఫిలిబెర్టో మోటారు సైకిలు వెనక ఎక్కేది. నేనూ అదే డిపోలో బస్సు నడిపేదాన్ని. సోమవారం పొద్దున ఆమె డిపోలోకి వచ్చిందంటే ముఖాన కళ్లద్దాల చుట్టూ ఎండ మచ్చ ఉండేది. దాన్ని చూసి, ఈసారి ఎంత దూరం తిరిగొచ్చారో మేమే అంచనా కట్టేవాళ్లం.

ఫిలిబెర్టో కరెంటు లైన్‌మన్. స్తంభాలెక్కి, సుడిగాలిలో తీగలు కట్టి, పైనుంచి కిందివాళ్ల మీద జోకులేసే మనిషి. ఎవరికీ తలవంచని వాడు. కిందటేడు ఈస్టరుకు ముందు అతనికి పక్షవాతం తగిలింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. ఎడమ చేతి వేళ్లలో మాత్రం పట్టు రాలేదు. కాఫీ కప్పు పట్టుకోగలడు గానీ క్లచ్ నొక్కలేడు. బండిని షెడ్డులోకి తోయించి, పట్టా కప్పించి, ఇక ఆ వైపు చూడటం మానేశాడు.

ఎండలు ముదిరే రోజుల్లో అతని చిన్ననాటి స్నేహితుడు లెరాయ్ మోంతాన్యో వచ్చాడు. ఊళ్లో బండ్లు బాగుచేసేది లెరాయే.

"తుప్పు పట్టించడమెందుకురా ఫిలీ, నాకిచ్చెయ్. కన్నబిడ్డలా చూసుకుంటా" అన్నాడు.

వంటింట్లోంచి ఎర్నెస్టీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మం, లెరాయ్. నేను నడుపుతా."

"నువ్వా వదినా? దాని బరువెంతో తెలుసా?"

"పిల్లలతో నిండిన బస్సు బరువెంతో నీకు తెలుసా?"

"బస్సు పక్కకి పడిపోదు కదమ్మా" అన్నాడు లెరాయ్.

లెరాయ్ వెళ్లాక ఫిలిబెర్టో అడిగాడు.

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనుందా నీకు?"

"నాకు శనివారాలు కావాలనుంది" అంది ఎర్నెస్టీన్.

వేసవి సెలవులివ్వగానే ఆమె అల్బుకర్కీ వెళ్లి, క్లాసులో చేరి, మనవళ్ల వయసు వాళ్ల మధ్య నిలబడి, చిన్న బండి మీద నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఆ తరవాత పెద్ద బండిని సెలవుల్లో ఎవరూ రాని మా డిపో ఆవరణలోకి తెచ్చింది. నీళ్ల సీసా పట్టుకుని పక్కన నిలబడటం నా పని. ఎన్నిసార్లు పడిందో లెక్క పెట్టలేదు. తొడ మీద కమిలిన మచ్చ మొదట వంకాయ రంగుకూ, తరవాత పండిన మామిడి రంగుకూ తిరిగింది. పడ్డ బండిని లేపే ఉపాయం ఆమె క్లాసులోనే నేర్చుకుంది. బండికి వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, చేతులతో కాకుండా కాళ్లతో లేవాలి. మొదటిసారి అలా లేపినప్పుడు ఆమె బండిని వదిలి నన్ను వాటేసుకుంది. బండి మళ్లీ పడింది.

ఆగస్టులో ఒక పొద్దున ఆమె ఒక్కతే కొండెక్కి మాగ్దలీనా ఊరిదాకా వెళ్లొచ్చింది. ఫిలిబెర్టో వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆమె హెల్మెట్ తీసి జుట్టు దులుపుకుంటుంటే అడగకుండా ఉండలేకపోయాడు.

"కొండ మీద గాలి ఎటునుంచి కొట్టింది?"

"పడమర నుంచి. పైకెక్కాక ఊరుకుంది."

"జింకలు కనిపించాయా?"

"తీగె కంచె పక్కన మంద నిలబడుంది. నన్ను చూసి కదల్లేదు కూడా."

అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "వచ్చే నెల మొదట్లో లేబర్ డే మూడు రోజుల సెలవులకి నేనూ వస్తా. బస్సు నడిపినట్టు నడిపావో, దిగి నడిచి వచ్చేస్తా."

"బస్సులో అల్లరి చేసేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెడతాం. ఇక్కడ ఆ వీలు లేదు మరి" అంది ఆమె.

ఆ సెలవుల శనివారం పొద్దున ఊరు దాటుతున్నప్పుడు అతను హెల్మెట్ అద్దం దించుకునే ఉన్నాడు, ఎవరూ గుర్తుపట్టకూడదని. కానీ ఆ ఎర్ర బండి ఎవరిదో ఊరందరికీ తెలుసు.

మాగ్దలీనా దాటాక సాన్ అగస్టీన్ మైదానం మొదలయింది. కనుచూపు మేర పచ్చగడ్డి, నడుమ నక్షత్రాల సంకేతాలు పట్టడానికి ఆకాశం వైపు నోళ్లు తెరిచిన తెల్లటి రేడియో గిన్నెలు. అడ్డగాలి బండిని పక్కకి తోస్తోంది. వెనకనుంచి ఫిలిబెర్టో ఆగకుండా అరుస్తూనే ఉన్నాడు. గేరు మార్చు, గాలికి ఎదురు పట్టు, ఆ లారీకి దూరంగా ఉండు. ప్రతి వంపులోనూ లేని బ్రేకును కాలితో తొక్కుతున్నాడు. డాటిల్ రాగానే ఎర్నెస్టీన్ బండి పక్కకి తీసి ఆపింది. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"ఇప్పుడు రెండే దారులు. నోరు మూసుకుని కూర్చోవడం, లేదా ఇక్కడ దిగి ఏ పశువుల లారీనో అడుక్కోవడం. ఏది కావాలో చెప్పు."

"పశువుల లారీ వాడికైనా నడపడం తెలుసు" అని గొణిగాడు గానీ దిగలేదు.

పైటౌన్‌లో ఆగి, ఆపిల్ పై అనే తీపి వంటకం తిన్నారు. టెక్సాస్ నుంచి బండి మీద వచ్చిన ఒకాయన పక్క బల్ల దగ్గరినుంచి ఫిలిబెర్టోని పలకరించాడు. "మీ బండి భలే ఉందండి. ఈ గాలిలో ఎలా వెళ్తోంది?"

ఫిలిబెర్టో ఫోర్కుతో భార్యని చూపించాడు. "ఆవిణ్ణి అడగండి. నడిపేది ఆవిడ. నేను సామాను."

టెక్సాసాయన నవ్వాడు. ఎర్నెస్టీన్ నవ్వలేదు. ఆ మాటలో ఎంత చేదుందో ఆమె ఒక్కదానికే తెలిసింది. ఆ రాత్రి స్ప్రింగర్‌విల్‌లో పడుకోబోతూ, వెనక్కి వెళ్లిపోదామా అని అడిగింది. అతను గోడవైపు తిరిగి, "రేపటి రోడ్డు నువ్వు చూసిందే కదా. నీ ఇష్టం" అన్నాడు.

రేపటి రోడ్డు ఆల్పైన్ నుంచి క్లిఫ్టన్ దాకా కొండల మీదుగా పాకే పాము. ఒక మలుపు పూర్తయ్యేలోపే ఇంకోటి ఎదురొస్తుంది. చాలాచోట్ల అంచున గోడ కూడా ఉండదు. కుర్రతనంలో ఫిలిబెర్టో ఆ రోడ్డు గురించి ఊళ్లో గొప్పలు చెప్పుకునేవాడు. ఎర్నెస్టీన్ ఆదివారం పొద్దున అటే తిప్పింది.

కొండ పైన హానగన్ మెడోలో చలి వణికించింది. కిందికి దిగుతున్నకొద్దీ మలుపులు బిగుసుకున్నాయి. చిక్కల్లా వెనకనుంచి వచ్చింది. ఆమె మలుపులోకి ఒరిగినప్పుడల్లా ఫిలిబెర్టో భయంతో ఎదురు ఒరుగుతున్నాడు. జీవితమంతా తన చేతుల్లో నడిచిన బండి అది. అతని ఒళ్లు ఇంకొకరి నిర్ణయాన్ని ఒప్పుకోవడం లేదు. ఒకే బండికి కట్టిన రెండు ఎద్దులు చెరో దారి పట్టినట్టుంది.

అంతలో వాన మొదలైంది. మా వైపు వాన చెప్పి రాదు. ఒక మలుపు తిరగ్గానే కొండ మీదనుంచి కొట్టుకొచ్చిన కంకర రోడ్డంతా పరుచుకుని కనిపించింది. ఎర్నెస్టీన్ కంగారుపడకుండా వేగం తగ్గించుకుంటూ దాదాపు ఆపేసింది. సరిగ్గా అప్పుడే ఫిలిబెర్టో బిగుసుకుపోయి పక్కకి ఒరిగాడు. నేలకి ఆనించిన ఆమె కాలు కంకరలో జారింది. బండి నెమ్మదిగా, అలిసిన గుర్రంలా, కుడివైపు పడుకుంది. ఇద్దరూ చెరో పక్కా దొర్లారు.

"దెబ్బ తగిలిందా?" అని అరిచింది ఎర్నెస్టీన్ ఇంజను ఆపేస్తూ.

"లేదు. నీకు?"

"లేదు."

అతను లేచి, కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకుని లాగాడు. కదల్లేదు. ఎడమ చెయ్యి కూడా వేశాడు. వేళ్లు తడి ఇనుము మీదనుంచి జారిపోయాయి. మళ్లీ వేశాడు, మళ్లీ జారాయి. అక్కడే రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు.

"తప్పు నాది. నేనే ఎదురు ఒరిగాను. పడేసిందీ నేనే, లేపలేనిదీ నేనే. ఎవరైనా వచ్చేదాకా ఆగుదాం."

"మలుపు నడుమ పడుంది. వచ్చేవాడు మనల్ని చూసేలోపే దాన్ని గుద్దేస్తాడు. లే."

ఆమె బండికి వీపు ఆనించి గొంతుక్కూర్చుంది.

"ఆగు" అన్నాడు అతను గబుక్కున లేచి. "ముందు సైడు స్టాండు దించు. లేకపోతే లేచిన ఊపులో అటువైపు పడుతుంది." తనే వంగి స్టాండు దించాడు.

ఆమె పళ్లు బిగించి లేవబోయింది. బండి జానెడు లేచింది. అంతే, కంకరలో బూట్లు ముందుకి జారాయి, బండి తిరిగి కిందపడింది. రెండోసారీ అంతే. ఫిలిబెర్టో వచ్చి ఆమెకెదురుగా తడి రోడ్డు మీద చతికిలబడి, తన బూట్ల అడుగులు ఆమె బూట్ల మొనలకి ఆనించాడు.

"ఇప్పుడు తన్ను. నేను జరగను."

ఆమె తన్నింది. అతను వెనక్కి చేతులూని, మెడ నరాలు ఉబ్బేదాకా ఎదురు నొక్కాడు. ఇద్దరి ముఖాల మీదా వాన కారుతోంది, ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారు. బండి జానెడు లేచింది, మూరెడు లేచింది, ఆగింది, ఇంకొంచెం లేచింది, చివరికి పూర్తిగా లేచి స్టాండు మీద నిలబడింది. ఎర్నెస్టీన్ నవ్వడం మొదలెట్టింది. బురదలో కూర్చునే ఫిలిబెర్టో కూడా నవ్వాడు. పక్షవాతం తగిలాక అతను అలా నవ్వడం అదే మొదటిసారని ఆమె తరవాత నాకు చెప్పింది.

కంకర దాటేదాకా బండిని ఇద్దరూ తోశారు. కుడి అద్దం పగిలింది, ఇంకేం కాలేదు. ఎక్కబోతూ అతను అడిగాడు.

"నేను ఏం చెయ్యాలో చెప్పు."

"కుడి మలుపులో నా కుడి భుజం మీదుగా చూడు. ఎడమ మలుపులో ఎడమ భుజం మీదుగా. నేనెటు ఒరిగితే నువ్వూ అటే. ఇన్నేళ్లూ నేను చేసిందదే."

మొదటి రెండు మలుపులూ అతను ఊపిరి బిగబట్టే ఉన్నాడు. మూడోదానికి అతని బరువు తన బరువుతో కలిసి ఒరగడం ఎర్నెస్టీన్‌కి తెలిసింది. ఆ తరవాత లెక్కలేదు. వాన వెలిసింది, రోడ్డు ఆవిర్లు కక్కింది, పైన్ చెట్లు పోయి జూనిపర్లూ, అవి పోయి ముళ్ల చెట్లూ వచ్చాయి. బండి ఆ పాము వీపు మీద ఊయలలా ఊగుతూ దిగింది. ఒకచోట అతను ఆమె నడుం తట్టి ఏదో అరిచాడు. మళ్లీ సలహా కాబోలని ఆమె వేగం తగ్గించింది.

"తగ్గించకు! గద్దని చూడమంటున్నా!" అన్నాడతను.

మొరెన్సీ రాగి గని పక్కనుంచి, కొండని మెట్లు మెట్లుగా కోసిన ఆ ఎర్రటి గోతి అంచునుంచి దిగి, మధ్యాహ్నం దాటాక క్లిఫ్టన్ చేరారు. హోటల్లో ఎన్చిలాడాలు వడ్డించిన అమ్మాయికి ఫిలిబెర్టో అడక్కుండానే కథంతా చెప్పాడు. అతని కథలో కంకర కొండంత అయింది, బండి ఏనుగంత అయింది, ఎర్నెస్టీన్ దాన్ని ఒక్క ఊపులో లేపేసింది.

"మూడు ఊపులు" అని సరిదిద్దింది ఎర్నెస్టీన్ తింటూనే.

సోమవారం సిల్వర్ సిటీ మీదుగా, ఎమొరీ కనుమ దాటి, నది పక్కనుంచి ఉత్తరానికి తిరిగి, పొద్దు వాలే వేళకి సొకోరోలోకి వచ్చారు. కొట్టు ముందు ఖాళీ జాగాలో, ఏటా ఆ రోజుల్లో చేసినట్టే, పచ్చిమిరపకాయలు కాల్చి అమ్ముతున్నారు. ఇనప పీపాలు మంట మీద గిరగిరా తిరుగుతున్నాయి, ఊళ్లో సగంమంది వరసలో ఉన్నారు, నేనూ ఉన్నాను. ఎర్నెస్టీన్ నేరుగా ఇంటికి పోనిచ్చేదే. వెనకనుంచి ఫిలిబెర్టో భుజం తట్టాడు.

"అక్కడ ఆపు. అందరి ముందూ."

దిగి, హెల్మెట్ తీసి, జుట్టు సవరించుకున్నాడు. వరసలో ఉన్న లెరాయ్ ఊరుకుంటాడా మరి.

"ఏరా ఫిలీ, వెనక సీటు మెత్తగా ఉందా? దిండు తెచ్చుకున్నావా?"

"బాగుందిరా లెరాయ్" అన్నాడు ఫిలిబెర్టో, వరసంతా వినేటట్టు. "నలభై ఏళ్లు ముందు కూర్చుని తారు రోడ్డు తప్ప ఏం చూశాను? గద్దలూ జింకలూ కొండలూ అన్నీ ఈవిడే చూసిందిరా. ఆల్పైన్ నుంచి క్లిఫ్టన్ దాకా దింపింది నన్ను. వానలో. నువ్వు ఆ రోడ్డులో సగం నుంచి వెనక్కి వచ్చేశావు, గుర్తుందా?"

వరసంతా పగలబడి నవ్వింది. లెరాయ్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. పగిలిన అద్దం దగ్గరికెళ్లి వేలితో తడిమి, "రేపు తీసుకురా వదినా, కొత్తది బిగిస్తా" అన్నాడు. అంటే ఓడిపోయానని అర్థం. అతని పెళ్లాం బెర్నీస్ మాత్రం మిరపకాయల సంచీ కిందపెట్టి, ఎర్నెస్టీన్‌ని పక్కకి పిలిచి, ఆ అల్బుకర్కీ క్లాసు ఎక్కడో అడుగుతూ కనిపించింది.

ఫిలిబెర్టో ఒక సంచీ నిండా కాలిన మిరపకాయలు తీసుకున్నాడు. బండి పక్క పెట్టెల్లో తడిబట్టలు కుక్కి ఉన్నాయి. సంచీ పెట్టడానికి చోటు లేదు. పొగలు కక్కుతున్న సంచీని ఒళ్లో పెట్టుకుని, చురుక్కుమంటుంటే అటూ ఇటూ జరుగుతూ వెనక సీట్లో కూర్చున్నాడు.

"గతుకులు చూసి నడపవే, తొడలు కాలిపోతున్నాయి" అన్నాడు.

ఎర్నెస్టీన్ గేరు వేసింది. ఇంటికి దగ్గర దారి వదిలేసి, ఊరి నడుమ పార్కు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పి తీసుకెళ్లింది.