సుందరరాజన్ పోయని కొసరు

సుందరరాజన్ ఏ వస్తువును ముట్టుకోబోయినా ముందు రెండు అరచేతులూ కట్టుకున్న వేష్టి పంచె ముందు భాగానికి తుడుచుకుంటాడు. అన్నం కలిపే ముందు, బిడ్డను ఎత్తుకునే ముందు, పెళ్ళిలో అక్షతలు తీసుకునే ముందు. తమిళనాడు ధర్మపురిలో నూనె అంగడివాడు కనుక మొదట్లో దానికి కారణం ఉండేది. తర్వాత కారణం పోయింది, తుడవడం మిగిలింది. చేతులు శుభ్రంగా ఉన్న రోజున వేష్టి మీది నూనె చేతులకు అంటేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "నన్ను ఒక కొసన అంటిస్తే చాలు, తెల్లారేదాకా వెలుగుతాను" అనేవాడు.

ఆయన మా అక్క కమలవేణి భర్త, నాకు బావ. అంగడిలో ఆయన నూనె కొలిచేవాడు. ఊళ్ళకు డబ్బాలు చేరవేయడం నా పని అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ పని చేసింది ఒక పాత జావా మోటారు సైకిలు. పందేలలో పరిగెత్తిన బండి అని చెప్పి ఎవరో దాన్ని బావకు అమ్మారు. గెలిచిందా అని బావ అడగలేదు. మేము దానికి రెండు పక్కలా నూనె డబ్బాలు కట్టి ఏరియూరు దాకా తోలాము. పరుగు కోసం పుట్టినదానికి గాడిద ఉద్యోగం ఇచ్చి, అది మూలిగితే ఆశ్చర్యపోయిన వంశం మాది.

డబ్బాలు లేని రోజున వెనక సీటు మీద అక్క కూర్చునేది. అది చిన్న విషయం కాదు. బావ వాళ్ళది ఉమ్మడి ఇల్లు, నేనూ అందులోనే ఉండేవాణ్ణి. వాకిట్లో ఎవరో ఒకరు ఉంటారు, వంటింట్లో అందరూ ఉంటారు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా అక్క నలుగురిలో బావ పక్కన నిలబడదు, ఆయన పేరు పలకదు. బండి ఊరు దాటాక మాత్రం కుడి చేయి తీసి ఆయన భుజం మీద వేసేది. బొమ్మిడిలో అక్క పుట్టింటి వీధి వచ్చేదాకా ఆ చేయి అక్కడే ఉండేది.

"చొక్కాకంతా నూనె ఉండాది, ఈ భుజానికి మాత్రం లేదు చూడప్పా. అక్కడ మీ అక్క చేయి ఉంటాది" అని బావ ఒకసారి నాతో అన్నాడు. అన్నందుకు సిగ్గుపడి, కడిగిన డబ్బాలనే మళ్ళీ కడిగాడు.

ఎనభై నాలుగు వేసవిలో బొమ్మిడి రైల్వే గేటు దగ్గర ఆ చేయి జారింది. పట్టాల మీద ముందు చక్రం కిందికి దిగింది. దిగినది మళ్ళీ లేవలేదు. ఏళ్ళ తరబడి డబ్బాలు మోసి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో స్ప్రింగులు చచ్చిపోయి ఉన్నాయి. అక్క పక్కకు పడింది. మోచేయి గీసుకుపోయింది. గాజులన్నీ పగిలాయి. ఆమె లేచి, గాజు ముక్కలు ఏరి కొంగున కట్టుకుని, బస్సు ఎప్పుడొస్తుందని గేటు కాపలావాణ్ణి అడిగింది.

"ఇంక నేను దీన్ని ఎక్కను," అంది బావతో. "బస్సులో పోతాను. మీరు వెనకాల రాండి."

ఆయన వెళ్ళాడు, బస్సు దుమ్ము తింటూ. ఆ తర్వాత ఏడాదికి పైగా బొమ్మిడి ప్రయాణాలన్నీ అలాగే జరిగాయి. ముందు బస్సు, అందులో అక్క, వెనక ఖాళీ సీటుతో బావ. మా పక్కన బెల్లం, చింతపండు అమ్మే వీరప్ప అది చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఏమప్పా సుందరరాజా, బస్సుకు కావలా?"

"లేదన్నా. పడిపోతే ఎత్తుకొని వద్దామని."

"ఎవురు, ఆమా?"

"బస్సు."

కొత్త ఫోర్కు వేయాలని బావ నిశ్చయించుకున్నాడు. పని తెలిసినవాళ్ళకు ఇవ్వవచ్చు. కాని అక్క పడినప్పుడు బండి ఉన్నది తన చేతుల్లో కాబట్టి బిగించేవీ ఆ చేతులే అన్నాడు. బెంగళూరు వెళ్ళి, పందెపు బండ్ల కోసం ఎవరో విడిగా చేసి అమ్మే ఫోర్కు జతను తెచ్చాడు. పాతకాగితాల్లో చుట్టిన ఆ పొడుగాటి జతను చూసి బస్సులో పక్కవాడు, తుపాకులా అని అడిగాడట.

"తుపాకీ పట్టే మొగమా నాది? రోకళ్ళని చెప్పినాను. వెంటనే నమ్మినాడు."

పాత ఫోర్కు కడ్డీలను రేకు తొడుగు కప్పి ఉంచేది. కొత్తవాటికి తొడుగు లేదు. నిగనిగలాడే ఉక్కు కడ్డీ బయటికే కనిపిస్తుంది. బండి ఎగిరినప్పుడల్లా అది కిందున్న గొట్టంలోకి దిగి, మళ్ళీ లేస్తుంది. గొట్టంలో నూనె ఉంటుంది, అది బయటికి రాకుండా మూతి దగ్గర రబ్బరు సీలు ఉంటుంది. కడ్డీ మీద ఇసుక రేణువు కూడా ఉండకూడదు, సీలు తెగుతుంది అని అమ్మినవాడు చెప్పి, ఇంకో జత సీళ్ళు చేతికిచ్చి పంపాడు.

ఆదివారం బండిని ఖాళీ డబ్బాల మీదికి ఎత్తాము. చక్రం విప్పాము. మడ్‌గార్డు విప్పాము. హ్యాండిల్ విప్పాము. అప్పటిదాకా ధైర్యంగానే ఉన్నాము. విప్పడం మాకు బాగా వచ్చు. కొత్త కడ్డీలు హ్యాండిల్ కింది పట్టీల్లోకి దూరలేదు. బావ బలంగా తోశాడు. నేను అంతకన్నా బలంగా సలహాలు ఇచ్చాను. మధ్యాహ్నం దాటాక, ఆ పట్టీల బోల్టులు వదులు చేయనే లేదని కనిపించింది.

"తలుపు తియ్యకుండా ఇంట్లోకి దూరతా ఉండాము," అన్నాడు బావ. "ఇంకా కొంచేపుంటే గోడ పడేసేవాళ్ళం."

కడ్డీలు దూరాయి. ఇక నూనె. ఎంత పోయాలో అమ్మినవాడు చెప్పాడు, ఎక్కువైతే అది లోపల ఒత్తుకుని సీలును తన్నేస్తుందని కూడా చెప్పాడు. బావ అంగడిలోని చిన్న కొలపాత్రను కడిగి తెచ్చి, కొలిచి పోశాడు. పోసిన తర్వాత ఆయన చేయి దానంతట అదే పాత్రను మళ్ళీ వంచింది. మా అంగళ్ళలో ఎవరికి నూనె పోసినా కొలత అయ్యాక కొసరు పోయాలి. కొసరు లేని కొలత మా వాళ్ళకు దొంగతనంతో సమానం. చేయి గాలిలో ఆగింది. బావ ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇది బేరం కాదే," అని ఆ చేతికి చెప్పి, పాత్రను కింద పెట్టాడు. నేను చూశాను.

అదే వారంలో ఆయుధపూజ వచ్చింది. బావ తెల్లవారే లేచి ఫోర్కు కడ్డీలను మెత్తని గుడ్డతో తుడిచాడు. త్రాసుకు, కొలపాత్రలకు, డబ్బాలకు బొట్లు పెట్టాము. అప్పుడు అక్క గంధం గిన్నె పట్టుకుని వచ్చింది. పడిన నాటి నుంచి ఆమె బండి వైపు చూడలేదు. అంతకు ముందు ఏటేటా బండికి బొట్లు పెట్టింది మాత్రం ఆమే, ఫోర్కు మీది రేకు తొడుగులకు. రేకుకు గంధంతో ఏమీ కాదు. ఇప్పుడు ఆ చోట నున్నని కడ్డీలున్నాయి. ఆమె వాటి మీద మూడు వేళ్ళతో గంధం మందంగా పూసి, నడుమ కుంకుమ అద్దింది.

బావ నోరు తెరిచాడు. చేయి కొంచెం లేచింది.

"బాగుండాదా?" అని అక్క అడిగింది.

"బాగుండాది," అన్నాడు బావ.

"అట్లయితే బొమ్మిడికి పోయొద్దాం. అమ్మను చూసి చాన్నాళ్ళాయె." గిన్నె నా చేతికిచ్చి, తనే వెనక సీటు ఎక్కి కూర్చుంది.

ఆగు అనవచ్చు. గుడ్డ తీసి తుడవవచ్చు. పండుగపూట, ఆమె చేత్తో పెట్టిన బొట్టును, ఆమె కళ్ళ ముందే. ఆ పని చేయగల మగవాడు మా వాళ్ళలో ఇంకా పుట్టలేదు. అన్నిటికీ సలహా ఇచ్చే నేను చక్రం కింద నిమ్మకాయలు సర్దుతూ ఉండిపోయాను. బండి నిమ్మకాయలు తొక్కుకుంటూ వెళ్ళింది.

రైల్వే గేటు దగ్గర ముందు చక్రం పట్టాల మధ్య దిగి, మెత్తగా లేచిందట. భుజం మీది చేయి బిగుసుకోలేదట. తిరుగు దారిలో, ఎండిన గంధపు గరుకు సీళ్ళను కోసేసింది. నూనె కారి ముందు బ్రేకులోకి దిగింది. మా వీధి మలుపులో బావ బ్రేకు పట్టాడు. బండి ఆ మాట వినలేదు. నెమ్మదిగా, మర్యాదగా వచ్చి వీరప్ప అంగడి ముందున్న చింతపండు బుట్టలో ముక్కు పెట్టి నిలిచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"రాప్పా సుందరరాజా," అన్నాడు వీరప్ప. "పండగపూట బేరానికి వచ్చినావా?"

"నేను రాలేదన్నా. బండి వచ్చింది. నన్ను తోడు తెచ్చుకున్నింది."

అక్క దిగింది. గొట్టాల మీద కారుతున్న నూనెను చూసింది.

"మళ్ళా ఏమాయె?" బస్సు గురించి అడిగిన నాటి గొంతు అది.

బావ గంధం మరకల వైపు చూడలేదు.

"కొసరు పోసినాను," అన్నాడు. "ఫోర్కుకు కూడా. ఈ చేయి ఊరుకుంటాదా? ఎక్కువైన నూనె ఎక్కడికి పోతాది, బయటికి వచ్చేసింది."

వీరప్ప బుట్ట పట్టుకుని నవ్వాడు. "ఇనుముకు కొసరు పోసినోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండాను."

"కొసరు అడగని గిరాకీ అదొకటే అన్నా. దానికే పోసినాను."

ఆ కథ ఊరంతా తిరిగింది. బావే తిప్పాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. అక్క తమిళమే చదువుతుంది, తెలుగు అక్షరాలు రావు. అందుకే నేను దీన్ని ఇలా రాయగలుగుతున్నాను.

ఆ సాయంత్రం అక్క వెంటనే నవ్వలేదు. కాసేపు ఆయన చేతుల వైపు చూసింది.

"అంగడి చేయి ఇంటికి తెస్తే ఇంతే. మళ్ళా పోసేటప్పుడు నేను పక్కన నిలుచుంటాను. సరిగా పోస్తేనే ఎక్కేది."

మరునాడు అక్క లేవకముందే బావ బండిని డబ్బాల మీదికి ఎత్తి ఫోర్కు విప్పాడు. కడ్డీలు కడిగాడు. తెగిన సీళ్ళ అంచుల్లో పసుపుపచ్చగా ఇరుక్కున్న గంధాన్ని నాకు చూపించి, వాటిని కాగితంలో చుట్టి నా జేబులో పెట్టాడు. "దూరంగా పారెయ్యి." మిగిలిన జత సీళ్ళు వేశాడు. బ్రేకును పెట్రోలుతో కడిగాడు. అక్క కాఫీ లోటాతో వచ్చి నిలుచుంది. ఆమె ఎదుట నూనె కొలిచి పోశాడు. కొలత అయ్యాక పాత్రను కావాలనే కొంచెం వంచి, పట్టుబడ్డ దొంగలా ఆమె వైపు చూసి, కింద పెట్టాడు. అక్క నవ్వింది.

తర్వాత పాత స్కూటరు ట్యూబు ముక్కలను నిలువుగా చీల్చి, కడ్డీల చుట్టూ చుట్టి తీగతో కట్టాడు. బెంగళూరు నుంచి తెచ్చిన మెరుపంతా నల్లటి రబ్బరు కింద పోయింది.

"అంత బాగుండేదానికి ఆ ముసుగేమిటికి?" అని అక్క అడిగింది.

"కళ్ళకు కొడతా ఉండాది. నిన్న దోవ కనబడకనే కదా చింతపండులోకి పోయింది."

బండిని కిందికి దించాడు. అంగడి తాళం నాకిచ్చి, అక్కను ఎక్కించుకుని పెన్నాగరం దారి పట్టాడు. అటువైపు మాకు చుట్టాలెవరూ లేరు.