నొప్పి లేదన్న కాలు

తమిళ ఆవణి నెల పదో తేదీ, బుధవారం. మా పక్కింటి నర్సమ్మ ఆదివారం తెల్లవారేసరికి నిద్రలోనే పోయింది. తిరుత్తణిలో ఆమె చేత కట్టు కట్టించుకున్నవారు చాలామంది ఉన్నారు. ఆ కబురుతో పాటు ఈ ఉదయం మా ఇంట్లో జరిగిందీ మీ అందరికీ తెలియాలని రాస్తున్నాను.

ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేశాక కూడా ఆమె ఎవరినీ నమ్మలేదు. కట్టు కట్టడానికి వస్తే మా సబ్బును నమ్మక తన సబ్బు తెచ్చుకుని మోచేతుల దాకా కడుక్కునేది. శుభ్రమైన గుడ్డ ఇస్తే, "ఉతికినావు సరే అక్కా, యాడ ఆరేసినావు?" అనేది. నన్నే అడుగుతుందా అని మొదట్లో నాకు ఒళ్లు మండేది.

ఆడి కృత్తికకు, అంటే మురుగన్ పండక్కి, మా ఆయన కావడి ఎత్తుకుని చెప్పుల్లేకుండా కొండ మెట్లెక్కారు. అరికాలు కోసుకుంది. మొక్కులో దెబ్బ తగిలిందంటే స్వామికే చిన్నతనమని, గాయంలో విభూతి నింపి, గుడ్డ చుట్టి దాచారు. నాలుగో రోజు నర్సమ్మ మజ్జిగకు వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"ఏందో వాసనొస్తా ఉంది. కాలు చూపీ బావా."

"ఏం లేదు లేమ్మా. నొప్పే లేదు."

"అదే నాకు అనుమానం. షుగరున్న కాలికి నొప్పి తెలీదు."

"మురుగన్ చూసుకుంటాడులే."

"కొండ మీద ఆయన చూసుకుంటాడు. కింద నేను చూడల్ల. చాపు కాలు!"

విప్పితే చీము. అప్పటికప్పుడు తిరువళ్లూరు ఆసుపత్రికి తరిమింది. ఇంకో రెండు రోజులైతే పాదం దక్కేది కాదన్నారు డాక్టరు.

తర్వాత రోజూ ఆమే కట్టు మార్చింది. పాత కట్టు వాసన చూసేది, గాయం చుట్టూ వేడి ఉందేమోనని తాకేది. జ్వరం వచ్చిందా అని ఆయన్నీ నన్నూ వేరువేరుగా అడిగేది. "మాన్తా ఉండే పుండునే ఎక్కువ అనుమానించల్ల అక్కా" అనేది. ఆ శ్రద్ధకు నేను ఒక్కసారైనా మంచి మాట చెప్పలేదు.

ఆమె పోయాక మూడు రోజులూ కట్టు మార్చుకున్నారా అని అడిగాను. "మార్చుకున్నా" అన్నారాయన. పైన కొత్త గుడ్డే కనిపించింది, నమ్మాను. ఈ ఉదయం అనుమానం వచ్చి కూర్చోబెట్టి విప్పాను. కొత్త గుడ్డ కింద పాత కట్టు అలాగే ఉంది. ప్లాస్టరు మీద శనివారం తేదీ, నర్సమ్మ చేతిరాతలో.

"ఆయమ్మ కట్టిన ఆఖరి కట్టు. విప్పబుద్ధి కాలేదు" అన్నారు.

గాయం అంచులు మళ్లీ ఎర్రబడ్డాయి. తాకితే వేడిగా ఉంది.

ఇక జరగవలసినవి:

1. ఇప్పుడే తిరువళ్లూరు వెళ్లాలి. ఆటో వస్తోంది.
2. ఇకమీదట కట్టు నేనే మార్చాలి, డాక్టరు చెప్పిన ప్రకారం, చేతులు కడుక్కుని.
3. ఎరుపు, వాపు, వేడి, చీము, వాసన, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. నొప్పి లేదన్న మాట చెల్లదు.
4. ఆ పాత కట్టు పారేయాలి. ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది.