కొబ్బరినూనె పోసిన తాళం

మాది నెల్లూరు వైపు, కోట అనే ఊరి దగ్గర సముద్రపు గాలి తగిలే పల్లె. ఈ ఉప్పుగాలికి ఇనుము బతకదు. కిటికీ ఊచలకి ఏటా రంగు వేసినా వానలు వెళ్లేసరికి పొక్కులు లేస్తాయి. ఇక తాళాల సంగతి చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఒక్కో తాళానికి ఒక్కో మర్యాద చెయ్యాలి. వంటింటి తాళంలో చెవి పెట్టి కాస్త పైకెత్తాలి. దొడ్డి గేటు తాళాన్ని రెండుసార్లు గోడకేసి కొట్టాలి. వీధి తలుపుది మాత్రం లాగితే తనంతట తానే పడే తాళం. దానికి ఏ మర్యాదా అక్కర్లేకుండా చక్కగా తిరిగేది, నేను చెయ్యి పెట్టేదాకా.

నేను రొయ్యల గుంతల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు బాగుచేస్తాను. ఆ పనిలో నాకు తెలిసిన సత్యం ఒక్కటే. కదిలేదానికి నూనె పెట్టాలి, చప్పుడు చేస్తే ఇంకొంచెం పెట్టాలి. ఈ సత్యాన్ని ఇంట్లో అందరికీ బోధిస్తుంటాను. నా భార్య వింటున్నట్టే ముఖం పెట్టి చేటలో బియ్యం ఏరుకుంటుంది.

మా నాయన దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది. అది చర్చిది. ఇరవై ఆరేళ్లుగా ఆదివారం అందరికన్నా ముందు వెళ్లి తలుపు తీసి, చాపలు పరిచి, గంట కొట్టేది ఆయనే. ఆ ఏడు వానల్లో ఒక ఆదివారం జ్వరమొచ్చి లేవలేకపోయాడు. జనం గొడుగులు పట్టుకుని చర్చి బయట నిలబడ్డారు. అప్పటినుంచి సంఘంలో కొందరు, పెద్దాయన అలిసిపోయాడు, చెవి వయసులో ఉన్నవాళ్లకి ఇద్దామని మొదలుపెట్టారు. పాస్టరుగారు క్రిస్మస్ దాకా చూద్దామన్నారు. నాయన ఇంట్లో ఈ మాటే ఎత్తలేదు. కానీ ఆ డిసెంబరంతా అలారం పెట్టుకుని, అలారం కన్నా ముందే లేచి, అది మోగేదాకా మంచం మీద కూర్చునేవాడు.

పండగ ముందురోజు ఇల్లు కడిగాం, గుమ్మానికి నక్షత్రం కట్టాం. తాళాల పని కూడా చేసేద్దామని నాకు ఉత్సాహం పుట్టింది.

"ఆ మిషన్ల నల్ల నూనె మాత్రం తేబాక. రేపు అందరివీ కొత్త బట్టలు" అంది నా భార్య.

సరేనని ఆమె తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా అందుకున్నాను. తెల్లగా, శుభ్రంగా, పైగా మంచి వాసన. మధ్యాహ్నపు ఎండకి నీళ్లలా ఉంది. వీధి తలుపు తాళంలో పోశాను. బయటికి కారేదాకా పోశాను. చెవి వెన్నలో తిప్పినట్టు తిరిగింది. నాయనని పిలిచి చూపించాను. ఆయన కూడా తిప్పి చూసి, "బాగుండాదిరా" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప.

క్రిస్మస్ తెల్లవారుజామున అయిదింటికి ఆరాధన. మా వైపు చలి ఉందంటే నవ్వుతారు గాని, ఆ పూట నిజంగానే చలి. కొవ్వొత్తులు వెలిగించుకుని అందరం వీధిలోకి వచ్చాం. చివర వచ్చిన నేను తలుపు గట్టిగా లాగాను. తాళం ముద్దుగా పడింది. నాయన అప్పుడు జేబు తడుముకున్నాడు. ఒంటిమీద కొత్త చొక్కా. చర్చి చెవి లోపల దండెం మీదున్న పాత చొక్కాలో ఉండిపోయింది.

"నిమిషంలో తెస్తాను" అని తాళంలో చెవి పెట్టాను. సగం దాకా వెళ్లి ఆగింది. నెట్టాను, ఊదాను, తలుపుని గుద్దాను. కదల్లేదు. మా ముందు నుంచే జనం చర్చికి నడిచిపోతున్నారు. నాయన నా మీద కోప్పడలేదు. "నిదానంగా తిప్పు" అన్నాడంతే. తిడితే బాగుండేదనిపించింది.

అమ్మ దగ్గరికొచ్చింది. "ఏం పోసినావు దాంట్లో?"

"కొబ్బరినూనె."

"మార్గశిరంలో కొబ్బరినూనె పోస్తే పేరుకోకుండా ఏం చేస్తాది?"

చలికాలంలో సీసా తీసుకెళ్లి ఎండలో పెట్టడం చిన్నప్పుడు ఈ ఇంట్లో నా పనే. గడ్డకట్టిన నూనెని పుల్లతో తవ్వి తలకి రాసుకున్నవాణ్ణి. మిషన్లు నేర్చుకున్నాక అదంతా మరిచిపోయాను. సిగ్గేసింది.

అమ్మ చెవిని కొంగుతో పట్టుకుని కొవ్వొత్తి మంటలో కాచింది. తాళంలో దూర్చి, కాసేపు ఆగి, బయటికి తీసి, అంటుకున్న తెల్లటి ముద్ద తుడిచింది. మళ్లీ కాచింది. నాలుగోసారికి తిరిగింది. నాయన చర్చి చెవి తీసుకుని వేగంగా వెళ్లిపోయాడు. నాకు ఆ తలుపు మళ్లీ లాగాలంటే భయమేసి, వేరే తాళంకప్ప వెతికి వేసి వెళ్లేసరికి లోపల పాటలు మొదలయ్యాయి. ఆరాధన పావుగంట ఆలస్యమైందట.

కొత్త సంవత్సరంలో చర్చి చెవి మా సంఘంలోనే టీ అంగడి నడిపే కుర్రవాడి చేతికి పోయింది. నాయనే వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఇంటికొచ్చి అన్నం సగంలోనే వదిలేశాడు.

ఆ వారమే ఆ అంగడిలో టీ తాగుతుంటే అతను అన్నాడు. "పండగ ముందర పెద్దాయనకి ఎందుకన్నా ఆ పని? కొబ్బరినూనె నేనే పోసినానని అందరి ముందరా చెప్పినాడు. మేమంతా ఒకటే నవ్వు."

గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను. ఇంటికొచ్చి నాయనని నిలదీశాను. తప్పు నాదైతే మీరెందుకు నెత్తిన వేసుకున్నారని అడిగాను.

"గమ్మునుండు. నీకాడికి మిషన్లు తెచ్చేది ఆళ్లే గదా. నవ్వితే నన్ను చూసి నవ్వనీ" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. మర్నాడు తాళం విప్పుకుని నెల్లూరు వెళ్లి, తాళాలు బాగుచేసే ఆయన ముందు పెట్టాను. ఆయన కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, పెన్సిలు ముల్లు పొడి చేసి చెవికి రుద్ది తిప్పాడు. తాళానికి తిండి నూనె అసలు పెట్టొద్దు, దుమ్మూ ఉప్పూ పట్టి బంకవుతుందని చెప్పాడు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం మా ఇంటి తాళాలన్నిటికీ పెన్సిలు పొడి పడుతుంది. ఆ సాయంత్రం చర్చి ఊడ్చేవేళ అక్కడి తాళంకప్ప కూడా అడిగి తెచ్చుకుంటాను. నేను తుడిచి పొడి వేసి ఇస్తే, నాయన కుర్చీలో కూర్చుని మూస్తాడు, తీస్తాడు, మళ్లీ మూస్తాడు. నేను తొందరపెట్టను.

ఊడ్వడం అయ్యాక టీ అంగడతను వస్తాడు. తాళం అందుకుంటూ, "సరిగ్గా తిరుగుతుందా పెద్దాయనా?" అని అడుగుతాడు.

"మావోడు చేసినాడు. తిరక్కుండా ఎట్టుంటాది" అంటాడు నాయన.