అమీనా గారు పీకిన నోటీసు

పరంధామయ్య గారికి గోడమీద కాగితం కనిపిస్తే చాలు, అది చదవందే అడుగు ముందుకు పడదు. ఉద్యోగం అంటించిన అలవాటది. బాపట్ల మున్సిఫ్ కోర్టులో ముప్పై రెండేళ్ళు అమీనాగా చేశారు. సమన్లు చేతికివ్వడం, మనిషి తలుపేసుకుని లోపల నక్కితే ఆ తలుపుకే నోటీసు అంటించడం, తన దగ్గరుండే రెండో కాపీ వెనకాల తేదీ, టైము రాసి ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించుకుని రావడం ఆయన పని. ఆయన సైకిలు సందు మలుపు తిరిగిందంటే సగం వీధి తలుపులు ధడేల్ ధడేల్‌మని పడిపోయేవి. నోటీసు చింపినవాణ్ణి ఆయన జన్మలో క్షమించి ఎరగరు. అలాంటి మనిషి అమెరికా వెళ్ళి, స్వయంగా ఒక నోటీసు పీకి జేబులో పెట్టుకున్నారంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మాలి మరి. పీకారు.

అది 2007. కూతురు జయంతి, అల్లుడు దివాకర్ అయోవా రాష్ట్రంలో హార్మన్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో ఉండేవారు. ఊరంతా కలిపి రెండు ట్రాఫిక్ లైట్లు, ఒక పోస్టాఫీసు, ఒక ట్రాక్టర్ విడిభాగాల కంపెనీ. మిగతాదంతా మొక్కజొన్నే. అంతకుముందు కాపురం ట్రాయ్ అనే ఊళ్ళో. అక్కడ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కినా తెలుగే, దిగినా తెలుగే. కానీ అక్కడి కన్సల్టింగ్ కంపెనీ వాడు గ్రీన్‌కార్డు ఇదిగో ఫైల్ చేస్తా, అదిగో ఫైల్ చేస్తా అంటూ ఏళ్ళ తరబడి తిప్పాడు. హెచ్-వన్ వీసా చూస్తే ఆరేళ్ళ ముచ్చట. ఇటు హార్మన్ ఫాల్స్ కంపెనీకేమో ఆ మారుమూలకి వచ్చి నిలబడే మనిషే దొరకడం లేదు. "మా ఊరొచ్చి ఉంటానంటే మేం ఫైల్ చేస్తాం" అన్నారు. దివాకర్ మారు మాట్లాడకుండా సామాను సర్దేశాడు. జయంతి మొహం మాడ్చుకుంది. ఇండియన్ షాపు రెండున్నర గంటల డ్రైవ్ అని తెలిశాక ఇంకాస్త మాడ్చుకుంది. అయినా ఏడాది తిరిగేసరికి పెరట్లో గోంగూర వేసి, పక్కింటి వాళ్ళకి పులిహోర అలవాటు చేసి, ఆ ఊరిదైపోయింది.

"అక్టోబర్ ఇరవైలోగా గ్రీన్‌కార్డు మొదటి అప్లికేషన్ ఫైల్ అవ్వాలి నాన్నా. అలా అయితేనే వీసా పొడిగిస్తారు. ఒక్కరోజు లేటైనా, వచ్చే ఏడు మేం పెట్టేబేడా సర్దుకోవాల్సిందే" అని అమ్మానాన్నలు దిగిన రోజే చెప్పింది. పరంధామయ్య గారు సరేనని తలూపారు. ఫైల్ చెయ్యడానికి ముందు ఏమేం తతంగాలుంటాయో ఆయన అడగలేదు, జయంతి చెప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

ఆగస్టు ఆఖరి గురువారం కంపెనీలో కుటుంబాలందరికీ భోజనాలు పెట్టారు. పరంధామయ్య గారి భార్య చాముండేశ్వరమ్మ గారు కూతురితో కలిసి ఐస్‌క్రీమ్ వరుసలో నిలబడ్డారు. పరంధామయ్య గారు కాలక్షేపానికి వరండా పట్టుకుని నడుస్తూ, కాఫీ మిషను పక్క గోడ దగ్గర ఆగిపోయారు. ఉందిగా అక్కడ కాగితం!

సీనియర్ ప్రోగ్రామర్ ఎనలిస్ట్ ఉద్యోగం. అల్లుడి విజిటింగ్ కార్డుమీద ఉన్నది అక్షరాలా అదే. కింద జీతం. ఆ కింద, ఈ దరఖాస్తు విషయంలో ఎవరైనా సరే ఆధారాలు సమర్పించవచ్చని రాసి, ప్రభుత్వ ఆఫీసు చిరునామా. పరంధామయ్య గారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. ఇలాంటి భాష ఆయనకి కొట్టినపిండి. అభ్యంతరాలుంటే చెప్పుకోండని ఊరందర్నీ పిలవడమే ఇది! అల్లుడి ఉద్యోగం మీద ఎవరో ఏదో కేసు పెట్టారు. పిచ్చి సన్నాసి అవతల ఐస్‌క్రీమ్ పంచుతున్నాడు, పాపం వాడికి తెలిసినట్టే లేదు. ఎవడో ఒకడు ఇది చదివి నాలుగు కాగితాలు పంపాడంటే సంసారం వీధిన పడదూ?

అటూ ఇటూ చూశారు. నాలుగు మూలలా టేపు. గోరు పెడితే సుతారంగా లేచొచ్చింది. మడిచి స్వెట్టరు జేబులో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళి వెనిల్లా తిన్నారు.

శుక్రవారం సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చునే వేళకి దివాకర్ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నోటీస్ ఎవరో తీసేశారు జయంతీ. వరసగా పది వర్కింగ్ డేస్ గోడమీద ఉండాలి కదా. పదో రోజైంది, తీద్దామని ఆఫీస్‌లో కారల్ వెళ్తే అక్కడ లేదట. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు."

"ఒక్కరోజే కదా, ఏమవుతుంది?"

"లాయర్ ఒప్పుకోవట్లేదు. మళ్ళీ మొదట్నుంచీ పది రోజులు పెట్టాలి. అదయ్యాక ముప్పై రోజులు ఆగాలి. సోమవారం సెలవు. మంగళవారం పెడితే, అన్నీ కరెక్ట్‌గా జరిగితే, రెండు మూడు రోజులు మిగుల్తాయి. మధ్యలో మళ్ళీ ఎవడన్నా పీకాడా, అయిపోయాం."

పరంధామయ్య గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. "ఆ నోటీసు... నీ మీద కాదా బాబూ?" అన్నారు మెల్లగా.

"నా మీద కాదు మామయ్య గారూ, నా కోసం. గ్రీన్‌కార్డ్‌కి ఫైల్ చేసే ముందు అందరికీ తెలిసేలా ఆఫీస్‌లో అలా పెట్టాలని రూల్." దివాకర్ గొంతు తగ్గించాడు. "ఎవరో కావాలనే తీశారు. మనం ఇక్కడుండటం ఇష్టం లేనివాళ్ళు ఎవరో ఉన్నారు. ఇన్నాళ్ళూ అందరూ మనవాళ్ళే అనుకున్నా."

జయంతి లేచింది. పక్కింటికి ఇద్దామని డబ్బాలో పెట్టిన పులిహోర తీసి ఫ్రిజ్‌లో పెట్టేసింది. అది చూశాక పరంధామయ్య గారికి ఇక మెతుకు దిగలేదు. తన చేత్తో చేసిన పనికి ఊరందరి మీదా అనుమానం పడుతోంది.

మర్నాడు పొద్దున కాఫీల దగ్గర స్వెట్టరు జేబులోంచి కాగితం తీసి బల్లమీద పెట్టారు. నాలుగు మూలలా టేపు ముక్కలు అలాగే ఉన్నాయి. వెనకాల ఆయన గుండ్రటి చేతిరాత: '30-8-2007, మధ్యాహ్నం 12.40. సాక్షులు ఎవరూ లేరు.' అలవాటు ప్రాణం, పీకినప్పుడు కూడా రాసుకున్నారు!

దివాకర్ దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మామగారు కాబట్టి నోరు కట్టేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. చాముండేశ్వరమ్మ గారికి అలాంటి కట్టుబాట్లేం లేవు.

"ఏవండీ, మీకు బుద్ధుందా? ముప్పై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ కొంపలకి అంటించింది చాలక, కన్నకూతురి కొంప పీకుతారా?"

"నేను వాళ్ళ మంచికేనే..."

"ఏం మంచి? అడగడానికి నోరు లేదా?"

ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎవరెన్ని తిట్టినా చెక్కుచెదరని అమీనా గారు, కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుండిపోయారు. జయంతి వచ్చి పక్కన కూర్చుంది. "పోనీలే నాన్నా. ఊళ్ళోవాళ్ళెవరూ కాదని తేలింది, అదే పదివేలు" అంది. ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

కాసేపటికి దివాకర్ లోపలికొచ్చాడు. "మామయ్య గారూ, మంగళవారం నాతో ఆఫీస్‌కి రండి. కారల్‌కి మీరే చెప్పాలి. తన వల్లే పోయిందని పాపం ఆవిడ ఒకటే బాధపడుతోంది."

మంగళవారం పరంధామయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక స్టీలు గిన్నెతో వెళ్ళారు. కారల్ అంటే ఆఫీసులో ఈ కాగితాలన్నీ చూసే పెద్దావిడ. ఆవిడ ముందు నిటారుగా నిలబడి, "మేడమ్, ఐ యామ్ ది కల్‌ప్రిట్" అన్నారు. కోర్టులో విన్న ఇంగ్లీషు. దివాకర్ మిగతాదంతా విడమరిచి చెప్పాడు. కారల్ ముందు తల పట్టుకుంది. తర్వాత కాగితం వెనక రాసిన టైము ఏమిటో తెలుసుకుని, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చుంది.

"ఈ సారి నేను అంటిస్తానని చెప్పు బాబూ" అన్నారు పరంధామయ్య గారు. "టేపు గోటికి లేచొచ్చేస్తుంది. తప్పు సగం టేపుదే."

గిన్నెలో ఉన్నది మైదా జిగురు. పొద్దున్నే లేచి ఉండ కట్టకుండా కాచారు. కారల్ సరేనంది. ఆయన చొక్కా చేతులు మడిచి, గోడ తుడిచి, జిగురు పట్టించి, కొత్త నోటీసు ఆనించి, నడిమి నుంచి అంచులకి అరచేత్తో ఒక్కసారి నిమిరారు. ఎక్కడా ఒక్క ముడత లేదు. చూస్తున్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ముప్పై రెండేళ్ళలో ఆయన నోటీసు అంటిస్తే చప్పట్లు పడటం అదే మొదలు.

ఆ పది పనిదినాలూ మధ్యాహ్నం పన్నెండింటికి ఠంచనుగా నడుచుకుంటూ వెళ్ళేవారు. కాగితం చూసి, చిన్న నోటుబుక్కులో తేదీ వేసి, కారల్ చేత సాక్షి సంతకం పెట్టించుకుని వచ్చేవారు. నాలుగోరోజు నుంచి ఆవిడ ఆయన కోసం కాఫీ కూడా తెచ్చి పెట్టేది. పదో రోజు ఫొటో తీసుకుని, ఇక తీద్దామని చూస్తే నోటీసు రాలేదు. గోరు పెట్టారు, బ్లేడు పెట్టారు. చివరికి పెయింటుతో సహా ఊడొచ్చింది.

ఆ తర్వాత ముప్పై రోజులు ఇంట్లో అందరూ క్యాలెండర్ చుట్టూ తిరిగారు. అక్టోబరు పద్దెనిమిదిన, రెండు రోజులు గడువుందనగా, దివాకర్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "ఫైల్ అయిపోయింది జయంతీ! కేస్ నంబర్ కూడా వచ్చేసింది. ముందు మామయ్య గారికి చెప్పు."

జయంతి ఫోన్ పట్టుకునే పెరట్లోకి పరిగెత్తింది. గోంగూర కోస్తున్న పరంధామయ్య గారు విషయం విని, కట్ట అక్కడే పడేసి మెట్టుమీద కూర్చుండిపోయారు.

"ఏమండీ, ఏమైంది?" అన్నారు చాముండేశ్వరమ్మ గారు, కంగారుగా పక్కన కూర్చుంటూ.

"ఏం లేదే. ఎన్ని వేల నోటీసులు అంటించానో లెక్కలేదు. అన్నీ ఇల్లు ఖాళీ చెయ్యమనో, జప్తు అనో. ఒక సంసారం ఉన్నచోట ఉండటానికి నేనంటించిన నోటీసు ఇదొక్కటే."

ఆవిడ కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, కింద పడిన గోంగూర ఏరి ఒళ్ళో వేసుకున్నారు.

"ఆ ఒక్కటీ కూడా ముందు పీకేశారుగా!" అన్నారు.