మస్తానుగారు కొట్టిన గండి

పోయిన వారం బందరులో పెద్ద వాన కురిసింది. మా వీధి చివర మురుగు కాలువ ఎక్కడో పూడుకుపోయి, నీళ్లు మా మెట్ల దాకా వచ్చి నిలబడ్డాయి. మర్నాడు పొద్దున్నే మున్సిపాలిటీ మనుషులు వచ్చి పొడుగాటి వెదురు గడలతో తూములోకి పొడుస్తూ ఉంటే, నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి లోపలెక్కడో గుడగుడమని చప్పుడైంది, బురద వాసన గుప్పుమంది, నీళ్ల మీద తేలుతున్న చెత్తంతా మెల్లగా ఒక వైపుకి తిరిగింది. ఆగిన నీళ్లకు దారి దొరికినప్పుడు వచ్చే ఆ చప్పుడు వింటే నాకు ఒకే ఒక్క మనిషి గుర్తొస్తారు. కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా తెలియకుండా మస్తానుగారిని తలుచుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

ఆయన్ని చూడనివాళ్లకు ముందు ఆయనెవరో చెప్పాలి. మస్తానుగారు లస్కరు. అంటే కాలువ గట్ల మీద తిరుగుతూ, లాకుల తలుపులు ఎత్తుతూ దించుతూ, ఏ తూముకి ఎన్ని నీళ్లు వదలాలో చూసే చిన్న ఉద్యోగి. సొంత ఊరు బందరే అయినా ఉద్యోగమంతా దివిసీమలో చేశారు, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయారు. బక్కపలచటి మనిషి. ఉద్యోగం అయిపోయినా ఖాకీ చొక్కా మాత్రం వదల్లేదు. ఎవరు పరిచయమైనా రెండో మాటగా చెప్పే సంగతి ఒకటుంది: "నా సర్వీసు మొత్తంలో నా గట్టుకి ఒక్క గండి పడలేదండీ." గండి అంటే గట్టు తెగడం. మా డెల్టాలో ఆ మాట ఎంత చెడ్డదంటే, పెళ్లి పందిట్లో వినపడినా మగాళ్లంతా విస్తళ్ల ముందునుంచి లేచి పార పట్టుకుని పరిగెడతారు. ఆయన జీవితమంతా ఆ మాట వినపడకుండా కాపలా కాశారు.

నాది గుడివాడ. వృక్షశాస్త్రం డిగ్రీ పూర్తి చేసి, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరి, అవనిగడ్డ దాటాక బస్సు ఇక ముందుకు వెళ్లని ఒక ఊళ్లో దిగాను. ఊరికీ సముద్రపు పాయకీ మధ్య చవిటి నేల ఉంది. ఒకప్పుడు అక్కడ ఉప్పునీళ్లలో పెరిగే మడ చెట్లు దట్టంగా ఉండేవట. వంటచెరుకు కోసం కొన్నీ, చెరువుల కోసం కొన్నీ పోయాయి. ఆ నేలలో ఊరివాళ్ల చేతనే మళ్లీ మడ నాటించాలని మా పని. ఊళ్లో సగం మందికి అక్కడ రొయ్యల చెరువులు తవ్వించాలని ఉంది. చివరికి గ్రామసభలో ఒక ఒప్పందం కుదిరింది. వచ్చే ఉగాదికల్లా మొక్కలు నిలబడితే నేల మడకి, నిలబడకపోతే చెరువులకి. ఉప్పెన చూసిన పెద్దవాళ్లు, చెట్లు అలల్ని ఆపుతాయని, మడ వైపు, అప్పులవాళ్లు, కుర్రవాళ్లు చెరువుల వైపు ఉన్నారు. నేనేమో ఎటూ కాకుండా, చేతిలో చార్టులతో బడి వరండాలో నిలబడి ఉన్నాను.

ఆ మొదటి రోజు నేను భూమి వేడెక్కడం గురించి చెబుతూ, మడ చెట్లు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి అన్నాను. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది, ఆ ఊళ్లోనే స్థిరపడ్డ మస్తానుగారిది.

"బొగ్గుతో పులుసేంటమ్మాయ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, అది కార్బన్ డయాక్సైడుకి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరండీ అన్నాను. ఆయన నవ్వలేదు. "పేరు సంగతి అలా ఉంచు. పీల్చుకున్న బొగ్గు ఎక్కడికి పోద్ది?" అన్నారు. కొంత చెట్టులో ఉంటుంది, ఎక్కువ భాగం కింద బురదలోకి వెళ్తుంది, రాలిన ఆకులూ వేళ్లూ ఉప్పు బురదలో త్వరగా కుళ్లవు కాబట్టి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది అని చెప్పాను. సభ అయిపోయి ఇంటికి వెళ్తారనుకున్న మనిషి నన్ను నేరుగా పాయ ఒడ్డుకి తీసుకెళ్లారు. మోకాళ్ల మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి దించి, నల్లటి బురద ముద్ద పైకి తీసి, వాసన చూసి నాకు చూపించారు. అందులో సగం చివికిన ఆకు ఒకటి ఈనెలతో సహా కనిపిస్తోంది. "ఇది నేను ఉద్యోగంలో చేరకముందు రాలిన ఆకైనా అయ్యుండొచ్చన్నమాట," అన్నారు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు కొంచెం సిగ్గేసింది. ఆ సంగతి పుస్తకంలో చదివి పరీక్ష రాసినదాన్ని నేను. బురదలో చెయ్యి పెట్టి చూడాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.

అప్పట్నుంచి ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టాను. పనికి ఆయనే పెద్ద దిక్కు. ఆడవాళ్లు పాయలో కొట్టుకొచ్చిన మడ కాయలు ఏరి, సంచుల్లో నారు పెంచారు. నాటే రోజున వరి నాట్లకు వంగినట్టే వరసగా వంగి, పాటలు పాడుకుంటూ పెట్టారు. పీతలు పట్టే నాంచారమ్మ ఒక్కతే మూతి ముడుచుకుంది. "ఇదేమన్నా వరి పైరేంటండీ? మడ చెట్టు దానికి నచ్చిన చోట మొలుస్తది," అంది. మిగిలిపోయిన పీలగా ఉన్న మొక్కలు పారెయ్యబోతే, తను అడిగి తీసుకుని పాయ అంచున ఇష్టమొచ్చినట్టు గుచ్చేసి వెళ్లిపోయింది.

మడ నేలకి రోజూ నీళ్లు వచ్చి పోతాయి. సముద్రం పొంగి లోపలికి రావడాన్ని పోటు అనీ, వెనక్కి తగ్గడాన్ని పాటు అనీ అక్కడివాళ్లు అంటారు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది. అష్టమి వచ్చేసరికి నీరసించి పైకి ఎక్కదు. మాఘమాసం మొదటి అష్టమి రోజున వెళ్లి చూస్తే నేల బీటలు తీసి ఉంది, ఆకులు వేలాడుతున్నాయి. నాటిన ఆడవాళ్లు ఉసూరుమన్నారు. మస్తానుగారైతే కన్నబిడ్డలు దాహానికి అల్లాడుతున్నట్టే చూశారు.

"వచ్చిన నీళ్లని వచ్చినట్టే పోనిస్తన్నాం. చుట్టూ గట్టేద్దాం. పెద్ద పోటుకి ఎక్కిన నీళ్లు లోపలే ఆగుతాయి, గేదెలూ రావు," అన్నారు.

ఆ మాట ఎవరికీ తప్పుగా తోచలేదు. నీళ్లు దొరికిన చోట గట్టేసి ఆపడం మా డెల్టా మనుషుల రక్తంలో ఉంది. పెద్ద పోటు మాత్రమే దాటేంత ఎత్తున, మూడు రోజుల్లో గట్టు లేచింది. ఎంత అందమైన గట్టంటే, దాని మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లొచ్చు. పున్నమి పోటుకి నీళ్లు ఎక్కి లోపల అద్దంలా నిలిచాయి. ఊరివాళ్లంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. నేను ఫొటోలు తీసి ఆఫీసుకు పంపాను.

మూడు వారాలకి ఆకులు పసుపు తిరిగాయి. ఆ తరవాత రాలడం మొదలైంది. ఉగాది నాటి సభకి ఇంక వారమే ఉంది. ఎండలు ముదిరాయేమో అనుకున్నాం, పురుగేమో అనుకున్నాం. ఆకుల్ని చేతిలో తిప్పి తిప్పి చూశాను, ఏమీ తెలియలేదు. అప్పుడు నాంచారమ్మ పీతల బుట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీదుగా పోతూ ఆగి, "నా పిచ్చి మొక్కలు చూశారా?" అని అడిగింది. గట్టు అవతల తను గుచ్చిన ఆ పీల మొక్కలు పచ్చగా, బలంగా, కొత్త చిగుళ్లు వేసి ఉన్నాయి.

మస్తానుగారు గట్టు దిగి వెళ్లి ఆ చిగుళ్లని వేళ్లతో తడిమి చూశారు. మర్నాడు పొద్దున్నే రెండు కర్రలకి చాకుతో గాట్లు పెట్టుకొచ్చారు. ఒకటి గట్టు బయట, ఒకటి లోపల పాతి, గొడుగు వేసుకుని సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని ఆయన చెప్పిన గాట్లు రాశాను. బయటి కర్ర దగ్గర నీళ్లు ఎక్కాయి, దిగాయి. లోపలి కర్ర దగ్గర పొద్దున ఏ గాటు దగ్గరున్నాయో సాయంత్రం కూడా అక్కడే ఉన్నాయి. లోపలి నీళ్ల మీద గడ్డిపరక వేశారు. అది కదల్లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు.

"బయటికంటే లోపలే ఉప్పు. ఎండకి నీళ్లు పోయి ఉప్పు మిగిలింది," అన్నారు నెమ్మదిగా.

తిరిగొస్తున్న నాంచారమ్మ పెద్ద మడ చెట్టు కిందనుంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు చూపించింది. "అదిగో, అవి దాని ముక్కులు బాబాయ్. పాటుకి నీళ్లు పోయినప్పుడు గాలి పీల్చుకుంటది. మీరేమో ముక్కు ముంచి పట్టుకున్నారు."

వాటిని ఊపిరి వేళ్లంటారు. కాలేజీలో వాటి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. గట్టు వేస్తున్న మూడు రోజులూ ఆ బొమ్మ నాకు గుర్తు రాలేదు. తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోంచే నాకో పాడు ఆలోచన వచ్చింది.

"బాబాయిగారూ, సభలో విత్తనం మంచిది కాదని చెబుదామండీ. ఇంకో ఏడాది గడువు ఇస్తారు," అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. కోపం అనుకున్నాను, కాదు. నా మాట నిజమేమోనని మనసులో సరిచూసుకుంటున్నారు.

"అదే విత్తనం గట్టవతల ఎలా బతికిందమ్మాయ్?"

గాట్లు రాసుకున్న కాగితం మడత పెట్టడం మొదలుపెట్టాను.

"పోనీ వాళ్లు నమ్మారనుకో. కొత్త విత్తనం తెస్తావు. గట్టు అలాగే ఉంటది. మళ్లీ చస్తాయి. అప్పుడు ఎవరి మీదకి నెడతావు?"

ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. గట్టు తప్పని చెబితే సభలో తల ఎత్తుకోలేనిది ఆయనే. నీళ్ల విషయంలో లస్కరు మస్తాను మాటంటే ఆ చుట్టుపక్కల వేదం. ఆయనకి మిగిలిన ఆస్తి అదొక్కటే.

సభ గట్టు దగ్గరే పెట్టమని ఆయనే అడిగారు. సర్పంచిగారు, చెరువులు కావాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు, ఆడవాళ్లు అందరూ వచ్చారు. ఎండిన మొక్కల్ని చూసి చెరువులవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సర్పంచిగారు గొంతు సవరించుకునేలోపే మస్తానుగారు లేచారు. చేతిలో పార ఉంది.

"ఈ మొక్కల్ని నేనే చంపానండీ," అన్నారు. "గట్టెయ్యమంది నేను. మంచినీళ్లు ఆపడం తెలుసుగానీ ఉప్పునీళ్ల దగ్గర నేను ఒకటో తరగతి. నీళ్లు రావాలని చూశాను, పోవాలని చూడలేదు. ఈ అమ్మాయికి సంబంధం లేదు."

సంబంధం ఉందని చెప్పాలనుకున్నాను. నోరు పెగల్లేదు. ఆ రోజు పెగలని మాట ఇప్పటికీ గొంతులో ఉంది.

సర్పంచిగారు అడిగారు. "అయితే ఇంక లాభం లేనట్టేనా మస్తానూ?"

"అది నాకూ తెలీదండీ. తెలుసుకుందామనే ఈ పార. పాటు మొదలైంది, చూడండి."

ఆయన చెప్పులు విడిచి, గట్టు మీద పల్లంగా ఉన్న చోట పార దించారు. గట్టుని కాపాడటం తప్ప ఇంకేమీ చేసి ఎరగని చేతులు అవి. మొదటి దెబ్బకి మట్టి పెళ్ల లేచింది, రెండో దెబ్బకి తడి కనిపించింది. ఆ తరవాత గుడగుడమంటూ నీళ్లు పాయలోకి దూకాయి. పంచాయతీ తీర్చడానికొచ్చిన జనం ఆ సంగతే మర్చిపోయి ముందుకు వంగారు. చెరువుల వైపు నిలబడ్డ ఒకాయన, "ఇక్కడెందుకు కొట్టావు, ఆ మూల ఇంకా పల్లం కదా?" అన్నాడు. "నిజమేనయ్యా! నేను చూళ్లేదు," అన్నారు మస్తానుగారు. ఆ అడిగినాయనే వెళ్లి ఇంకో పార తెచ్చాడు. పొద్దు వాలేలోపు నాలుగు చోట్ల గట్టు తెగింది, లోపల పిల్ల కాలువలు పడ్డాయి. తామే తవ్విన ఆ కాలువల్లో మర్నాడు పోటు ఎక్కుతుందో లేదో చూడాలని అందరికీ ఆత్రం పుట్టింది. చెరువుల మాట ఇంకో ఏడాదికి వాయిదా పడింది. మళ్లీ పైకి రాలేదు.

సగం మొక్కలు పోయాయి. ఖాళీల్లోకి పోటు తనే కాయలు మోసుకొచ్చి పడేసింది. ఇప్పుడక్కడ వరసా లేదు, తీరూ లేదు, లోపలికి వెళ్తే మనిషి కనిపించడు. నీళ్లు వచ్చిపోయే ఆ మొదటి చోటుని ఊళ్లో మస్తాను గండి అంటారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఆయన ముఖం మాడిపోయింది. "జీవితమంతా గండి పడకుండా చూస్తే, చివరికి నా పేరుకే గండి తగిలించారా!" అన్నారు. తరవాత్తరవాత కొత్తవాళ్లెవరొచ్చినా తనే దగ్గరుండి తీసుకెళ్లి చూపించేవారు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆ ఊళ్లోనే, ఒక అష్టమి నాడు. నేను వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆయనంటే నాకెంత ప్రేమో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఏడు బందరుకి దగ్గర్లోనే ఇంకో పాయ ఒడ్డున మడ కాయలు నాటాం. ఇప్పుడు అక్కడివాళ్లకి నేనే పెద్ద దిక్కు, అనుభవమున్న మేడమ్‌ని. కాలువలు ఎంత లోతు తవ్వాలో నేనే గీత గీసి చెప్పాను. పెద్ద పోటు వచ్చి వెళ్లాక చూస్తే కాయలు చాలావరకు కొట్టుకుపోయాయి. నాటిన ఆడవాళ్లంతా నా చుట్టూ చేరారు. "విత్తనం తేడా అయ్యుంటది మేడమ్," అంది ఒకావిడ, నన్ను కాపాడుతున్నట్టు. ఎంత తేలిగ్గా ఔననొచ్చో! నా నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదమ్మా. కాలువ మరీ లోతు పెట్టించాను, నీళ్లు ఉరవడిగా పోయి కాయల్ని లాక్కెళ్లాయి. తప్పు నాది," అన్నాను.

కాసేపు తల దించుకునే ఉన్నాను. తల ఎత్తి చూస్తే నా ముఖం ఎవరూ చూడటం లేదు. అందరూ వంగి, నీళ్లు ఎటు పోతున్నాయా అని చూస్తున్నారు.