మా అత్త ఇచ్చిన రక్తం

మొన్న మంగళవారం పొద్దున గద్వాల దగ్గరి ధరూరు నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త ఇక లేదు. మీలో ఎవరికీ ఆమె తెలియదు. అయినా షుగర్ గురించో, క్యాన్సర్ గురించో డాక్టర్లు రేపు మీకొక కొత్త సంగతి చెప్తే, అందులో ఆమె రక్తపు చుక్క కూడా ఉండొచ్చు. అందుకే రాస్తున్నాను.

షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి క్యాన్సర్ ఎందుకు వస్తుందో వేలమంది జన్యువులు పోల్చి వెతకడం నా ఉద్యోగం. మూడేళ్ల కిందట రక్త నమూనాల కోసం ధరూరు వెళ్తే పొద్దెక్కినా ఒక్కరూ రాలేదు. రక్తం తీస్తే నీరసం వచ్చి పడిపోతారని పుకారు. ఏళ్లుగా షుగర్ గోలీలు మింగుతున్న అత్త వచ్చి, అందరూ చూస్తుండగా కుర్చీలో కూర్చుంది.

"సూది గుచ్చితే సచ్చిపోతమా ఏంది? నా కోడలుపిల్ల గింతదూరం ఊకెనే వచ్చిందా?"

మధ్యాహ్నానికి జనం వరస కట్టారు. రక్తం తీసే అమ్మాయిలకు అత్త కొంగులోంచి పల్లీలు తీసి పెట్టింది. ఎవరినీ తినకుండా పోనిచ్చేది కాదు. తను మాత్రం ఎప్పుడూ నిలబడే తినేది, చేనును ఎవరో ఎత్తుకుపోతున్నట్టు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు ఇంట్లో తిట్లు పడకుండా రెండు నెలలు తన దగ్గరే ఉంచుకుంది. "చదువుకో బిడ్డా, నేనున్న గదా" అనేది.

మొన్నటి ఎండాకాలం తనే ఫోను చేసింది.

"షుగర్ దిగుతలేదు బిడ్డా. గోలీలు పెంచిండ్రు, అయినా దిగుతలేదు."

"అన్నం తగ్గియ్యి అత్తా."

"జొన్నరొట్టెనే తింటున్న. రైకలన్నీ వదులైతున్నయ్."

"సన్నబడితే మంచిదే గదా" అని నవ్వాను.

ఉన్నట్టుండి షుగర్ పెరిగి మనిషి చిక్కిపోతే, అది కొన్నిసార్లు క్లోమగ్రంథి క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు. ఈ మాట ఎన్ని సభల్లో చెప్పానో. అదే మాట మా అత్త నోట వింటే గుర్తుపట్టలేకపోయాను.

కళ్లు పచ్చబడ్డాక గద్వాల దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తెచ్చారు. క్లోమంలో క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. మంచం పక్కన కూర్చున్న నన్ను అడిగింది:

"నువ్వు చదివేది గిదే గదా. అప్పుడు తీసిన నా రక్తంల ఏం కనపడలేదా?"

"పేర్లు తీసేస్తం అత్తా. ఏది నీదో నాకు తెల్వదు. తెలిసినా, ఒక్క మనిషికి ఏమైతదో దాంట్ల తేలదు."

"పేరుంచితే బాగుండు" అంది. కోపంగా అని ఉంటే నాకు నయంగా ఉండేది.

ఆ రోజు ఫోనులో స్కాన్ తీయించుకోమని ఉంటే బతికేదా? తెలియదు. ముందు తెలిసినా ఈ జబ్బులో మిగిలేది కొద్దిమందే. ఆ సంగతి ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఊరట లేదు.

ఇక చేసేదేమీ లేదంటే ఆమెను ధరూరుకే తీసుకుపోయారు, అక్కడే పోయింది. మూడో రోజు కార్యం అయ్యాక చిన్నత్త, అంటే ఆమె చెల్లెలు, నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమెకూ షుగరే.

"అక్కకైంది నాకైతదా?"

"తెల్వదు చిన్నత్తా. రేపు గద్వాల పోయి స్కాన్ తీపిద్దం."

తెల్లారి షేర్ ఆటో ఎక్కాం. ఈ రోజు స్కాన్‌లో ఏమీ లేకపోయినా, రేపటి సంగతి అది చెప్పదని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. రెండు పక్కలా పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. చిన్నత్త ఒక్కసారి కూడా అటు చూడలేదు. దారి పొడవునా నా మొహమే చూస్తూ కూర్చుంది.