సత్యవతి గారి చెయ్యి

ఈ మాట ఇరవై ఏళ్ళు పైబడి నా దగ్గరే ఉండిపోయింది. దాచుకున్నానంటే అదేదో విలువైన సొత్తనుకునేరు. కాదు. వంటింటి అలమరలో అడుగున తోసేసిన సొట్ట గిన్నె లాంటిది. ఏది తియ్యబోయినా ముందు అదే చప్పుడు చేస్తుంది. అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో మేము రాజమండ్రిలో ఒక కొత్త కాలనీలో ఉండేవాళ్ళం. పక్కిల్లు సత్యవతి గారిది. మధ్యలో నడుమెత్తు గోడ. ఆవిడ చెయ్యి మంచిదని కాలనీ అంతా నమ్మేది. ఆనపపాదుకు గింజ వెయ్యాలన్నా, కడియం నర్సరీల నుంచి తెచ్చిన అంటు పాతాలన్నా, ముందు ఆవిణ్ణి పిలిచి తొలి గుప్పెడు మట్టి ఆవిడ చేత వేయించేవారు. ఆవిడ పెడితే ఎండుపుల్లయినా చిగురిస్తుందనేవారు. నేను పెట్టిన మల్లె అంటు ఎండిపోయినప్పుడల్లా మా అత్తగారు, పక్కనే సత్యవతి ఉండగా నువ్వెందుకు చెయ్యి పెట్టావని నన్ను దెప్పేది.

నవ్వొస్తోందా? నాకూ వచ్చేది. నేను బళ్ళో సైన్సు చెప్పేదాన్ని. మొక్కకు కావలసింది ఎండ, నీరు, మంచి నేల అని పిల్లల చేత వల్లె వేయించి, సాయంత్రం ఇంటికొచ్చి గోడ మీద నుంచి ఆవిడ చేతుల వంక చూసి కుళ్ళుకునేదాన్ని. నమ్మకం లేకపోతే అసూయ ఎందుకు?

ఒక వేసవిలో ఆవిడ భర్త పోయారు. ఆ తర్వాత మొక్కలు పెట్టడానికి ఆవిణ్ణి పిలవడం మానేశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పిలవలేదు, అంతే. శ్రావణంలో ఎదురింటివాళ్ళు గుమ్మడిపాదు పెట్టుకుంటూ నన్ను పిలిచారు. పాదు డాబా మీదికి పాకింది. దాంతో ఇంకొకరు పిలిచారు. ఆ పిలుపు ఎవరి గుమ్మం దాటుకుని నా దగ్గరికి వచ్చిందో తెలిసి కూడా పొంగిపోయాను. నలభై దాటిన దాన్ని, పట్టుపరికిణీ కొనిపెడితే పొంగే చిన్నపిల్లలా మురిసిపోయాను.

ఆశ్వయుజం వచ్చింది. వానలు వెనకబట్టాయి. ఆవిడ ఇంటిముందు గరిక పచ్చిక ఉండేది, భర్త ఇష్టపడి వేయించుకున్నది. ఆయన పోయాక ఎవరూ పట్టించుకోక, వర్షాలకు తుంగ బలిసిపోయింది. ఆవిడ రోజూ పొద్దున్నే పీట వేసుకు కూర్చుని తుంగను గడ్డలతో సహా పెరికింది. గడ్డిని కురచగా కోసింది. ఒండ్రుమట్టి జల్లించి పలచగా పరిచింది. గట్టు వెంట చేమంతుల కొసలు తుంచింది. అన్ని నెలల తర్వాత ఆవిడ మొహంలో పని ధ్యాస చూశాను. చూసి సంతోషించానా? లేదు.

ఒక ఉదయం గోడ దగ్గరికి వచ్చి మోటారు గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. భర్త మాసికానికి ఆత్రేయపురం దగ్గర అత్తవారి ఊరు వెళ్తోంది. అప్పుడే పచ్చిక మీద యూరియా జల్లింది. నీళ్ళు పెడదామనుకునేసరికి కరెంటు పోయింది. అవతల బస్సు టైమైపోతోంది. కరెంటు రాగానే నిండుగా నీళ్ళు పెట్టమని, లేకపోతే గడ్డి మాడిపోతుందని చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆగి, చిన్నగా అంది.

"ఇది పచ్చగా లేచిందంటే నా చెయ్యి ఇంకా ఉన్నట్టేనండి, వదినగారూ. నలుగురూ చూస్తారు కదా."

నేనున్నాను కదా, వెళ్ళిరమ్మన్నాను.

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. వీధిలో మోటార్లు ఆడుతున్న చప్పుడు మంచం మీద పడుకుని విన్నాను. లేవలేదు. ఆదివారం, ఒంట్లో బద్ధకం అని నాకు నేనే చెప్పుకున్నాను. కాసేపాగి లేస్తాననుకున్నాను. కానీ ఆ కాసేపూ నా తలలో ఆడింది ఒకటే మాట: నలుగురూ చూస్తారు. చూస్తే మళ్ళీ ఆవిణ్ణే పిలుస్తారు. మంచుకు తడిసిన గడ్డి మీద పడ్డ ఎరువు ఎండకు ఏం చేస్తుందో నాకు తెలియదా? పరీక్షలో అడిగితే ఐదు మార్కుల జవాబు రాయగలను.

మర్నాడు బడికి వెళ్తూ అటు చూడలేదు. తిరిగొస్తూ చూశాను. మచ్చలు మచ్చలుగా పసుపుపచ్చ. ఆ మర్నాటికి ఎండుగడ్డి. అప్పుడు వెళ్ళి మోటారు వేశాను. ఆవిడ వచ్చే రోజు అది. పచ్చిక కోసం కాదు, మట్టి తడిగా కనిపించాలని. మొదట చేసింది బద్ధకమని ఎవరినైనా నమ్మించవచ్చు. ఈ తడపడం మాత్రం తెలిసి చేసిందే.

సాయంత్రం ఆవిడ చేతిసంచీ గుమ్మంలోనే వదిలేసి పచ్చికలో గొంతుక్కూర్చుంది. వేలితో మట్టి పొడిచి చూసింది. నేను గోడ దగ్గరే నిలబడ్డాను.

"నీళ్ళు పెట్టారాండి?"

"పెట్టానండి. కరెంటు రాగానే."

"అవునండి, తడిగానే ఉంది. ఏటా జల్లే ఎరువే, గుప్పెడు కూడా ఎక్కువ కాదు." చేతికంటిన మట్టి దులుపుకోకుండా అలాగే చూసుకుంది. "అయితే నా చెయ్యేనండి. ఆయనతోనే పోయింది."

"అలా అనుకోకండి," అన్నాను.

అంతే అన్నాను. గరిక అంత తేలిగ్గా చావదు. పైన మాడినా వేరు బతికే ఉంటుంది, పది రోజులు నీళ్ళు పెడితే మళ్ళీ లేస్తుంది. నిజం చెప్పే ధైర్యం లేకపోతే కనీసం ఆ మాటైనా అనవచ్చు. ఎందుకనలేదు? అని ఉంటే గడ్డి మళ్ళీ లేచేది, అందుకని.

కార్తీకం వెళ్ళకుండానే ఆవిడ అంతా తవ్వించి నాపరాళ్ళు పరిపించేసింది. చేమంతులు ఎవరికో ఇచ్చేసింది. మళ్ళీ మొక్క ముట్టుకోలేదు. తులసికి కూడా పనిమనిషే నీళ్ళు పోసేది. తర్వాత ఏటా వానలు వెనకబట్టగానే ఆ రాళ్ళ సందుల్లోంచి గరిక తలెత్తేది. ఆవిడ పాత చాకు తెచ్చుకుని కూర్చుని గీకేసేది. నేను గోడ ఇవతల నా చేమంతులు తుంచుకుంటూ ఆ గీకుడు వినేదాన్ని. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్ళకు వాళ్ళమ్మాయి కాకినాడలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి సత్యవతి గారు నన్ను పట్టుబట్టి తీసుకెళ్ళింది. పెరట్లో కరివేపాకు మొక్క నా చేత పాతించింది. మట్టి వేస్తుంటే తను దూరంగా జరిగి నిలబడింది, తన నీడ కూడా మొక్క మీద పడకూడదన్నట్టు. వదినగారి చెయ్యి మంచిదని అందరికీ చెప్పింది. నేను మట్టి అదిమాను. నీళ్ళు పోశాను. ఆ రోజు బాగా పోశాను.

ఆవిడ ఇప్పుడు ఆ కూతురి దగ్గరే ఉంటోంది. కరివేపాకు డాబా ఎత్తు పెరిగిందట. కబురు తెచ్చినవాళ్ళు నన్ను పొగిడి వెళ్ళారు. కాకినాడ ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే భోజనాలవేళకు తిరిగి రావచ్చు. వెళ్ళలేదు. వెళ్తానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధమవుతుందేమో. ఆవిడ క్షమించాలనీ కోరుకోవడం లేదు. క్షమించినా ఆ చేతులకు పోయిన ఏళ్ళు తిరిగిరావు.

కానీ ఒక్కసారైనా పైకి అనాలి. ఎవరితోనైనా. సత్యవతి గారి చెయ్యి పోలేదండి. నేను నీళ్ళు పెట్టలేదు.